గడ్డాయన గాజులు

గడ్డం ఉండే ఉంటుందట ఆ మనిషికి, పొడుగ్గా సన్నగా ఉండి ఉంటాడట, ఇండియా దాకా బస్సులో పోయి కాళ్ళకి గజ్జెలు కట్టుకుని తిరిగొచ్చినవాడై ఉంటాడట, గిల్బర్ట్ గారి గొంతు హాల్లోంచి వంటింట్లోకి వస్తోంది, శనగపిండి జారుగా అయింది, ఇంకో గుప్పెడు వెయ్యాలి, గడ్డమంటే ఎలాంటి గడ్డం, గుబురుదా, మేకదా, ఇంత తెలిసినాయనకి ఆ ఒక్కటీ తెలియకుండా ఎందుకుండాలి, చెంపలు తడుముకున్నాను, పిండి అంటుకుంది, గడ్డం లేదు, నలభై అయిదేళ్ళొచ్చినా ఇంకా రాలేదు, ఆయన చెబుతున్న ఆ మనిషిని నేనే, అరవై తొమ్మిదిలో లండన్‌లో ఒక నేలమాళిగ క్లబ్బులో టిన్ ఫెర్రీ అనే బ్యాండు వాయిస్తుంటే పక్కన వినపడే ఆ గలగల నా చేతులది, ఈ సంగతి దోహాలో మా పేట ఉమ్ ఘువైలినాలో, ఆ మాటకొస్తే మొత్తం కతార్‌లో, నాకు తప్ప ఎవరికీ తెలియదు, మిరపకాయలకి కూడా చెప్పలేదు.

గురువారం కదా, మధ్యాహ్నానికే ఆఫీసులు మూసి సాయంత్రానికి మా హాలు గుడైపోతుంది, మా ఆయన నిరంజన్ పూజారి, ఆయన పై అధికారి గిల్బర్ట్ గారు పీఠాధిపతి, అదే ఆఫీసులో ఉండే హైదరాబాద్ రఫీయుద్దీన్ గారు భక్తుడూ తగువులమారీ, ప్రసాదం నా మిరపకాయ బజ్జీలు, మా ఆయన సముద్రపు నీళ్ళలో ఉప్పు తీసే ప్లాంటులో ఇంజనీరు, అక్కడ పని నేర్పిన గిల్బర్ట్ గారే ఈ పిచ్చీ నేర్పాడు, నలభై ఏడో యేట, ఆ వయసులో కొందరికి యోగాసనాలు పట్టుకుంటాయి, కొందరికి హోమియోపతి, ఈయనకి టిన్ ఫెర్రీ, ఆ బ్యాండువాళ్ళకి ఇప్పుడు జుట్టు నెరిసి, బేస్ గిటారాయనకి మోకాలి చిప్ప మార్చి, ఇంకా పెద్ద పెద్ద మైదానాల్లో వాయిస్తూనే ఉన్నారట, కానీ అదంతా లెక్కలోకి రాదట, అసలు టిన్ ఫెర్రీ అంటే మొదటి రికార్డు రాకముందు, లండన్ సోహోలో, తడిగోడల నేలమాళిగలో, పట్టుమని అరవైమంది పట్టని చోట వాయించినదేనట, వీళ్ళలో కులాలున్నాయి, రికార్డుకి ముందు చూసినవాళ్ళదొకటి, తర్వాత చూసినవాళ్ళదొకటి, ఏమీ చూడనివాళ్ళు మా ఆయనా రఫీ గారూ, గిల్బర్ట్ గారు తర్వాత చూసిన కులం, అందుకే ఆ మాటొస్తే కొంచెం తల దించుకుంటాడు, ఆ క్లబ్బులో నిలబడ్డ మనిషి ఎవరైనా ఈ గదిలోకొస్తే లేచి నిలబడతానంటాడు, అంటూనే, బజ్జీల పళ్ళెంతో వెళ్ళిన నాకు కాళ్ళు కాస్త ముడుచుకుని దారి ఇస్తాడు.

ఎప్పటిలా వాదించుకుని ఎవరిళ్ళకి వాళ్ళు పోతే నాకేం బాధ లేదు, మూడేళ్ళుగా వింటున్నదే, క్లబ్బులో ఎవరో దొంగచాటుగా రికార్డు చేసిన దానికి వీళ్ళు పెట్టుకున్న పేరు మంగళవారం టేపు, ఎన్ని చేతులు మారిందో, కాపీల మీద కాపీలై గొంతు బొంగురుపోయింది, అందులో చివరి పాటకి ముందు మాటల్లేని ముక్క ఒకటి, ఏడు మాత్రల మీద నడుస్తుంది, అక్కడ డ్రమ్ముల పక్కన సన్నగా ఆ గలగల, అదెవరిదన్న దాని మీద ఈ భక్తులు ఇంగ్లండులోనే రెండుగా చీలిపోయారట, రఫీ గారేమో అరే సాబ్, అది చాబీల గుత్తి, డ్రమ్ములాయన జేబుల నుంచి తీసి ఊపిండు, అంటాడు, మా ఆయన కాదండీ, ఏడు అంత నిలకడగా వెయ్యాలంటే మనవాడే అయ్యుండాలి, మృదంగం నేర్చినవాడు, అంటాడు, ఆడమనిషి ఎందుకు కాకూడదని రఫీ గారి భార్య నస్రీన్ ఒకసారి అడిగితే ముగ్గురూ మర్యాదగా నవ్వారు, సరే, గిల్బర్ట్ గారిది గడ్డం, అయితే ఆయన వచ్చే వారం కతార్ వదిలి శాశ్వతంగా వెళ్ళిపోతున్నాడు, వెళ్ళగానే ఆ భక్తుల పత్రికలో దీని మీద వ్యాసం రాస్తాడట, ఇవాళ ముగ్గురూ కూర్చుని తేల్చిందే అచ్చులో పడుతుందట, అచ్చయ్యాక ఇక నేను నెత్తీనోరూ కొట్టుకున్నా నమ్మేదెవరు, నా ఇరవయ్యో యేటి ఒకే ఒక్క సాయంత్రానికి గడ్డం మొలుస్తుంది, చెబితే ఇవాళే చెప్పాలి, నూనె కాగింది, చెప్పాలా.

మొదటి మిరపకాయ నూనెలోకి దిగితే ఎక్కడో దూరంగా చప్పట్లు కొట్టినట్టుంది, కిటికీ అద్దానికి బయటివైపు చెమట పట్టి కారుతోంది, దోహాలో సెప్టెంబరు అంతే, గాలిని పిండితే నీళ్ళొస్తాయి, అద్దం అవతల వీధి దీపం ముద్దయిపోయింది, ఆ క్లబ్బు గోడలూ ఇలాగే కారేవి, ఇటుకల మీద వేసిన నల్లరంగు ముట్టుకుంటే వేలికంటేది, నేను చీర మీద అక్క ఓవర్‌కోటు తొడుక్కుని మెట్లు దిగుతున్నాను, చేతులు మోగుతున్నాయి, ఆ మోత మా అమ్మ పుణ్యం, లండన్‌లో మా ఇందిరక్కకి పురుడని, బీఎస్సీ అవగానే నన్ను సాయం పంపింది, శ్రీమంతానికని నాతో పాటు బందరు నుంచి ఇరవైమంది ముత్తైదువలకి సరిపడా మట్టిగాజులు పంపింది, లండన్ పెద్ద ఊరు గనుక పేరంటానికి జనం బాగా వస్తారని ఆవిడ లెక్క, వచ్చింది సందు చివరి గుజరాతీ ఆవిడ ఒకరు, అక్కావాళ్ళ పై వాటాలో ఉండే ఐరిష్ నర్సు మోరీన్ ఒకరు, శ్రీమంతం గాజులు పెట్టెలో మిగలకూడదని అమ్మ ఆజ్ఞ, అక్క చేతులు నీరు పట్టి ఉన్నాయి, గుజరాతీ ఆవిడ ఓ డజను తొడుక్కుని సున్నితంగా తప్పుకుంది, మోరీన్‌వి మగవాడి మణికట్లు, మిగిలింది సన్నటి చేతుల దాన్ని నేను, ఎరుపూ ఆకుపచ్చా, మణికట్టు నుంచి మోచేతి దాకా, అన్నం కలుపుకుంటే ఇల్లంతా మోగేది, నన్ను చూసి మోరీన్ నవ్వీ నవ్వీ, ఈ పిల్లని సంగీతానికి తీసుకెళతానంది, శాస్త్రీయమేనా అని అక్క అడిగింది, మోరీన్ మెళ్ళో సిలువ పట్టుకుని, చాలా శాస్త్రీయం, అంది, అలా ఆ పొగలోకి, తడి ఉన్ని వాసనలోకి దిగి ఒక బల్ల పక్కన ఇరుక్కుని నిలబడ్డాం, బల్ల మీద ఎవరిదో కోటు, కోటు కింద ఏదో తిరుగుతున్న చప్పుడు, అది టేప్ రికార్డరని అప్పుడు తెలీదు, ఎదురుగా నలుగురు బక్క కుర్రాళ్ళు, అబద్ధమెందుకు, మొదట్లో ఇనప సామాన్ల కొట్టు కూలినట్టే ఉంది, తలనొప్పి కూడా వచ్చింది, ఆ నొప్పిలోంచి ఎక్కణ్ణించో ఆ ముక్క మొదలైంది, మూడూ నాలుగూ, మూడూ నాలుగూ, తకిట తకధిమి, ఓరి వీళ్ళ దుంపతెగ, ఇది మిశ్రచాపు కదా, బందరులో సంగీతం మాస్టారి దగ్గర ఏళ్ళ తరబడి వేసిన తాళం, చెయ్యి నన్నడక్కుండా లేచింది, ఓవర్‌కోటు చేతులు పైకి తోసేసుకుని బల్ల అంచు మీద వేస్తూ ఉండిపోయాను, ఎంతసేపో తెలియదు, నీళ్ళలో వెల్లకిలా తేలుతున్నట్టు, పైన పొగ, కింద ఏడు, ముక్క అయ్యాక మోరీన్ కోడిపుంజులా నవ్వింది, టేపులో ఆ నవ్వూ ఉంది, గిల్బర్ట్ గారు దాన్ని శాక్సఫోన్ అంటాడు.

భాభీ, బజ్జీ మాడుతున్నది, అంది వంటింట్లో నాకు సాయంగా ఉన్న నస్రీన్, నా చేతిలోంచి చిల్లుల గరిటె తీసుకుంటూ, ఏడికి పోయిండ్రు మీరు, సోహోకి అన్నాను, అది ముషైరిబ్ అవతలనా అంది, అవతలే అన్నాను, మాడినవి పక్కన పెట్టింది, వాటిని రఫీ గారికి వేస్తుంది, ఆయన మాటల్లో పడి చూసుకోడు, మొదటిసారి ఈ టేపు మోగిన గురువారం నేను పిండిచేతులతో హాలు గుమ్మం దాకా పరుగెత్తాను, చెబుదామని నోరు తెరిచాను, మా ఆయన కళ్ళు మూసుకునే ఉండు ఉండు అన్నాడు, ఉన్నాను, ఉండగా ఉండగా మూడేళ్ళయింది, మధ్యలో చెప్పొచ్చు, కారులో అల్ సద్ వెళుతున్నప్పుడో, దుప్పట్లు మడత పెడుతున్నప్పుడో, కానీ నా కథలేవైనా ఆయన నోట్లో పడితే ఆయనవైపోతాయి, మా నాన్న ఎలుగుబంటిని చూసి ఆఫీసు జీపెక్కిన కథ ఇప్పుడు ఆయన మామగారి కథ, నేను ఎత్తుకుంటే నీకు సరిగ్గా రాదులే అని అందుకుంటాడు, ఇదీ చెబితే వచ్చే గురువారానికి, మేం లండన్‌లో ఉన్నప్పుడు, అని మొదలుపెడతాడు, ఇదొక కారణం, పైకి చెప్పుకోదగ్గది, ఇంకొకటి ఉంది, ఆ ఏడు మాత్రల దగ్గరికి వచ్చేసరికి మా ఆయన మొహం మారిపోతుంది, ఎవరో నిద్రలో పేరు పెట్టి పిలిచినట్టు, ఈ చేతులెవరివో గానీ దొరికితే కళ్ళకద్దుకుంటాను ధాత్రీ, అంటాడు, ఇరవై రెండేళ్ళ కాపురంలో ఈ చేతులు వండినదాంట్లో ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ అన్నాడు గానీ, ఉప్పు ఆయన వృత్తి కదా, కళ్ళకద్దుకుంటానని ఎప్పుడూ అనలేదు, అప్పుడు నాకు ఆ చేతుల మీద మంట, సవతి మీద మంట లాంటిది, నా సవతిని నేనే, చెబితే సవతి పీడ పోతుంది, ఆ మొహమూ పోతుంది, నువ్వా అంటాడు, నా చేతులు తిప్పి చూస్తాడు, పసుపూ నూనే, ఇవా, అంటాడు.

హాల్లో టేపు వేశారు, ఆఖరిసారి విని ఖరారు చేసేద్దామంటున్నారు, ఎగ్జాస్ట్ ఫ్యాను హోరులోంచి సన్నగా ఆ ముక్క, ఎప్పుడు విన్నా నేను వినేది ఇలాగే, నూనె చిటపటల మధ్య, తలుపు సందులోంచి, కళ్ళు కిటికీ తడి మీద, నస్రీన్ మాత్రం నా చేతినే చూస్తోంది, నేనూ చూసుకున్నాను, పిండి డబ్బా మూత మీద వేస్తోంది, మూడూ నాలుగూ, ఉన్నవి చేతికి నాలుగు గాజులే, అయినా, నస్రీన్ పొయ్యి తగ్గించింది, హాలు వైపు చెవి పెట్టింది, మళ్ళీ నా చెయ్యి చూసింది, భాభీ, ఆ గడ్డపాయన మీరేనా, అంది, అవును నస్రీన్, అన్నాను, పాతికేళ్ళలో మొదటిసారి పైకి అన్నాను, ఏమీ కూలలేదు, ఫ్యాను తిరుగుతూనే ఉంది, మరి ఇంత మంచిగ వాయిస్తరని మాకెన్నడు చెప్పకపోతిరి, అంది, వాయించడమేమిటి, అక్కడున్నాను, తాళం వేసుకున్నాను, అంతే, అన్నాను, అంతలో హాల్లోంచి మా ఆయన, ధాత్రీ, కాస్త ఆ గాజుల చప్పుడు ఆపు, ఇక్కడ గలగల వినబడటం లేదు, అన్నాడు.

నస్రీన్ చున్నీ నోట్లో కుక్కుకుంది, నాకూ నవ్వే వచ్చింది ముందు, తర్వాత వచ్చింది నవ్వు కాదు, బజ్జీల పళ్ళెం ఎత్తబోతే నస్రీన్ చెయ్యి అడ్డం పెట్టి, ఇవి నేన్ తెస్త, మీరు ఉత్తచేతులతోని పోండ్రి భాభీ, అంది, సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్ళాను, పళ్ళెం లేకుండా నేను ఆ గదిలోకి రావడం ఆ ముగ్గురూ ఎప్పుడూ చూడలేదు, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అన్నట్టు మా ఆయన సగం లేచాడు, గిల్బర్ట్ గారి చేతిలో పెన్సిలు, కాగితం మీద అప్పుడే సగం గడ్డం, నేను టేప్ రికార్డరు ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని, ఆ ముక్క మొదటి నుంచి వెయ్యండి, అన్నాను, రఫీ గారు టేపు వెనక్కి తిప్పాడు, ఫ్యాను లేదు, నూనె లేదు, మధ్యలో తలుపు లేదు.

గిటారు ఏడు మీదే ఉంది, డ్రమ్ములాయన లేడు, ఎక్కడో ఎనిమిదోది ఒకటి ఎక్కువ కొట్టి, దాన్ని సర్దబోయి ఇంకోటి తక్కువ కొట్టి, మెట్టు తప్పినవాడిలా తూలుతున్నాడు, ఇది వంటింట్లోకి ఎప్పుడూ వినబడలేదు నాకు, అప్పుడొచ్చాయి గాజులు, ఒంటరిగా, మూడూ నాలుగూ, తొందరా లేదు, భయమూ లేదు, మూడూ నాలుగూ, అతను చెయ్యి ఆపేశాడు, ఒక ఆవర్తం, ఏడుకి ఏడు మాత్రలూ, ఆపేసి విన్నాడు, పొగలో అతను తలెత్తి మా మూలకి చూశాడు, చూశాడు అవును, మోరీన్‌ని చూస్తున్నాడనుకున్నాను, అందరూ మోరీన్‌నే చూస్తారు, ఆ తర్వాత కర్ర దించాడు, సరిగ్గా నా మొదటి దెబ్బ కిందికి, అక్కణ్ణించి ఇద్దరం, ఇప్పుడు ముగ్గురం, ఎందుకంటే టీపాయ్ మీద నా చెయ్యి కూడా వేస్తోంది, ఈసారి నేను ఆపలేదు, గిల్బర్ట్ గారూ, ఆ గడ్డం కొట్టెయ్యండి, అవి నా గాజులు, అన్నాను, ఇంగ్లీషులోనే, బీఎస్సీ ఊరికే పోలేదు, రఫీ గారు యా అల్లా అని గొణిగాడు, మా ఆయన టేప్ రికార్డరునీ నా చేతినీ మార్చి మార్చి చూస్తున్నాడు, ధాత్రీ, అన్నాడు, ఇంకా ఏదో అడగబోతున్నాడు, అడగనీ, తర్వాత చెబుతాను, నేనే చెబుతాను, నా కథ నాకు సరిగ్గానే వచ్చు, ముందు ఈ ఆవర్తం పూర్తి కానీ, ఆ సాయంత్రం దారి తప్పినవాడు నా దగ్గరికి వచ్చి కలిశాడు, వినడానికి వెళ్ళాననే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్ళూ, నేను వాయించాను.