వినపడని కూత

ఆ కార్ల కంపెనీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా ఉంటే మాస్టారు, వెనకాల పాముచెవులాయన. పెట్రోలు బళ్ల కాలం నుంచీ ఆయన పని ఒక్కటే. కారులో కూర్చుని, ఎక్కడ ఏది కిర్రుమంటోందో, ఏది టకటకలాడుతోందో పట్టుకోవడం. ఇంజను అంత రొద పెడుతున్నా సరే, వెనక సీటు కింద బోల్టు వదులైందని ముందు సీట్లోంచే చెప్పేవాడు. ఆయన దిగి బానెట్ మీద రెండుసార్లు తడితే బండి పాసైనట్టు. తట్టలేదా, ఎంతటివాడు వచ్చి గోల పెట్టినా అది గేటు దాటేది కాదు.

ఇప్పుడు వచ్చింది కరెంటు సెడాన్. గాలి పీల్చే ఇంజనే లేదు కనుక ముందు గాలి చొరబడే జాలీ లేదు, ముక్కంతా నున్నగా ఉంటుంది. తలుపు పిడులు తలుపులోనే ఒదిగి ఉండి, చెయ్యి దగ్గరికొస్తే బయటికొస్తాయి. బ్యాటరీని నేల కింద పలకలా పరిచారు, అందుకని లోపల కాళ్లకి ఏదీ అడ్డం రాదు. గాలి పట్టుకోకుండా జారిపోవాలని కప్పుని వెనక్కి వాల్చారు. అద్దాలకి రెండేసి పొరలు. వెనక చక్రాల మధ్య గుమ్మడికాయంత మోటారు. ఇంతా చేసి జనానికి చెప్పుకోబోయే మాట మాత్రం ఒక్కటే, నిశ్శబ్దం. అంటే తిరిగి తిరిగి వ్యవహారం ఈయన చెవుల దగ్గరికే వచ్చింది.

ఇంజను రొద లేని బండిలో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. ఆయన వారాల తరబడి అందులోనే కూర్చున్నాడు. బెల్టు కొక్కెం తలుపుకి తగిలే చప్పుడూ, సీట్ల మధ్య గూడు మూత కిర్రూ, అన్నీ ఏరి పారేయించాడు. చివరికి దిగి, బానెట్ మీద రెండుసార్లు తట్టాడు. సోమవారం మీటింగులో డిజైను ఖాయం చేసేస్తే అచ్చులు పోస్తారు. ఆ తర్వాత ఎవరు తలకిందులుగా తపస్సు చేసినా మార్చేదేమీ ఉండదు.

ఆ కంపెనీలో ఒక పద్ధతుంది. ఖాయం చేసే ముందు బండిని ఇంటికి తీసుకెళ్లి, దాని గురించి ఓనమాలు తెలియని ఇంట్లోవాళ్లని ఎక్కించాలి. ఆదివారం ఆయన భార్యని బయల్దేరదీశాడు.

"పిడి ఏదండీ? తలుపుని బతిమాలుకోవాలా?"

"చెయ్యి దగ్గర పెట్టు, అదే వస్తుంది."

"అబ్బో, మర్యాద తెలిసిన బండే," అంటూ ఆవిడ ఎక్కి కూర్చుంది.

పెద్ద రోడ్డెక్కాక బండి వేగం అందుకుంది. "ఇప్పుడు విను," అన్నాడు ఆయన గర్వంగా.

"వింటూనే ఉన్నా. ఏంటండీ ఆ కూత?"

"కూతేంటి?"

"సన్నగా, చెవిలో దోమ దూరినట్టు. మీరు జోరు పెంచితే పెరుగుతోంది."

"నీ మొహం. అది గాలి."

"గాలైతే మీకూ వినపడాలిగా!"

ఆవిణ్ణి కళ్లు మూసుకోమని ఆయన వేగం పెంచాడు. "ఇదిగో," అంది. తగ్గించాడు. "పోయింది," అంది. చెప్పాపెట్టకుండా మళ్లీ పెంచాడు. "ఇదిగో మళ్లీ!" ఆయనకి మాత్రం టైర్ల కింద రోడ్డు చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బండి పక్కకి తీసి ఆపాడు.

"నేను మొత్తుకుంటూనే ఉన్నాగా," అంది ఆవిడ మెల్లగా. "వాషింగ్ మెషిన్ పనైపోయిందని పిలిచి పిలిచి దాని గొంతు పోతుంది, మీరు పక్కనే పేపరు చదువుకుంటారు. అడిగితే పరధ్యానం అంటారు."

"నేనూ పరధ్యానమే అనుకున్నా," అన్నాడు ఆయన.

సోమవారం పెందలాడే వెళ్లి, తన కింద పనిచేసేవాళ్లందర్నీ కారు చుట్టూ పిలిచాడు. "ఇందులో మోటారు కూస్తోందా?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కారులో చప్పుళ్లు కొలిచే మైకుల లెక్కలు చూసే అమ్మాయి నోరు విప్పింది. "మొదట్నుంచీ ఉంది సార్. మైకుల్లో కూడా కనబడింది. మీరు ఒక్క మాటా అనలేదు, పైగా తట్టేశారు. మీరు విని కూడా వదిలేశారంటే అది ఉండొచ్చేమో అనుకున్నాం."

"వినపడినవాళ్లు చెయ్యెత్తండి."

అందరి చేతులూ లేచాయి. ఆయన చెయ్యి మాత్రం బానెట్ మీదే ఉండిపోయింది. వాళ్ల మీద కోపం రాలేదు, సిగ్గేసింది. ఈ కూత నిన్ననే పుట్టిందని చెబితే నమ్మనివాడు లేడు. పరువూ దక్కుతుంది, ఉద్యోగమూ దక్కుతుంది. మరి రేపు వచ్చే బండిలో ఇంకోటి కూస్తే? మీటింగు గది తలుపు తీసేదాకా ఏం చెప్పాలో ఆయన తేల్చుకోలేకపోయాడు.

"మాస్టారు తట్టేశారుగా, ఇంకేముంది!" అంటూ చీఫ్ డిజైనర్ అప్పటికే లేవబోతున్నాడు.

"తట్టింది వెనక్కి తీసుకుంటున్నా. మోటారు కూస్తోంది."

"ఇన్నాళ్లూ లేనిది ఇవాళ వినబడిందా మీకు?"

"నాకు ఇవాళా వినపడలేదు. మా ఆవిడ చెప్పింది."

ఎవరో పకపకా నవ్వి, ఆయన మొహం చూసి నోరు నొక్కుకున్నారు.

"సన్నటి చప్పుళ్లు నా చెవికి అందట్లేదు. నా కింద పనిచేసే పిల్లలందరికీ వినబడింది, నా మీద నమ్మకంతో నోరు విప్పలేదు," అని, తన వెంట వచ్చిన మైకుల అమ్మాయిని చూపించాడు ఆయన. "ఇకమీదట బండి తట్టాల్సింది నేను కాదు. ఈ అమ్మాయి తడుతుంది."

అచ్చులు ఆగాయి. బ్యాటరీ కరెంటుని మోటారుకి ఎంత వేగంగా తుంచి పంపాలో, కూత పుట్టించే ఆ లెక్క మార్చారు, మోటారు చుట్టూ మందపాటి తొడుగు వేశారు. చివర్న ఆ అమ్మాయి కారు దిగి, అలవాటు కొద్దీ ఆయన మొహంలోకి చూసింది. "నన్నెందుకు చూస్తావు? నీ చెవినడుగు," అని కసిరాడు. అప్పుడు తట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం మళ్లీ అదే రోడ్డు మీదికి భార్యని తీసుకెళ్లాడు. బండి జోరందుకుంది. ఆవిడ అడక్కుండానే కళ్లు మూసుకుంది.

"ఏమైనా వినబడుతోందా?"

ఆవిడ చాలాసేపు విని, "లేదండీ, ఏమీ లేదు," అంది.

"నాకూ అంతే," అన్నాడు ఆయన.

ఆవిడ కళ్లు తెరిచింది. కాస్త దూరం పోయాక చెయ్యి చాపి, స్టీరింగు మీదున్న ఆయన చేతి మీద రెండుసార్లు తట్టింది.