మిరప కల్లంలో తెల్ల మొహాలు

కల్యాణ మండపం గుమ్మంలో అడుగు పెట్టగానే కృపావతికి ముందు ఫినాయిల్ వాసన కొట్టింది, ఆ వెంటనే సతీష్‌బాబు కనిపించాడు. మనిషి కాదు, ఫ్లెక్సీ. నిలువెత్తున చేతులు జోడించి, వెల్లవేసిన గోడలా తెల్లగా నవ్వుతున్నాడు. పైన ఆకుపచ్చ అక్షరాలతో ‘ప్రకృతి వర్ణాలు: చిత్రకళా ప్రదర్శన’ అని ఉంది. కింద ఆయన పురుగుమందుల దుకాణం పేరు. ఈ చుట్టుపక్కల పత్తి చేలకీ మిరప చేలకీ డబ్బాలు డబ్బాలు మందు అమ్మేది ఆయనే, ప్రకృతి మీద ప్రేమ పొంగుకొచ్చిందీ ఆయనకే.

అసలు ఎగ్జిబిషన్లంటేనే ఆమెకు రోత. గోడకి బొమ్మ తగిలించగానే ఎవడో వచ్చి దానికి వీపు పెట్టి సెల్ఫీ దిగుతాడు. ఇంకెవడో ‘నేచురల్ కలర్సా అండీ, తినొచ్చా?’ అంటాడు. ప్రకృతట, ప్రకృతి! జగ్గయ్యపేటలో రంగు కోసం ఆమె కోసుకొచ్చే ప్రతి ఆకు మీదా వేలెడు సిమెంటు ఫ్యాక్టరీల దుమ్ము. ముందు దాన్ని కడగాలి, ఆ తర్వాతే రంగు. నలుపు కావాలంటే తుప్పుపట్టిన మేకులూ బెల్లమూ కుండలో వేసి వారాల తరబడి పులియబెట్టాలి. ఆ కంపుకి పక్కింటివాళ్లు నెలకోసారి గొడవకొస్తారు. గుడ్డకి ముందు కరక్కాయ పట్టించాలి, ఆ కరక్కాయకీ తుప్పునీళ్లకీ పొత్తు కుదిరితేనే నలుపు గుడ్డని కరిచి పట్టుకుంటుంది. ఇదంతా ఎవడికీ అక్కర్లేదు. ‘ఎకో ఫ్రెండ్లీ’ అంటే చాలు, చప్పట్లు.

అయినా వచ్చింది. మాటిచ్చింది కాబట్టి వచ్చింది.

పెనుగంచిప్రోలు మిరప కల్లంలో ఆమె మేనత్త సంతోషమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు రంగు పోయిన తాలుకాయలు ఏరుతుంటే కృపావతి ఎదురుగా కూర్చుని బొమ్మ గీసింది. ఘాటుకి కళ్లు మండుతున్నా, మధ్యలో దగ్గుతున్నా వాళ్లు కదలకుండా కూర్చున్నారు. సంతోషమ్మ ఒక్కటే షరతు పెట్టింది. “గీస్తే గీశావు గానీ, మమ్మల్ని ఎక్కడ తగిలిస్తావో అక్కడికొచ్చి మేం చూసుకోవాలమ్మాయ్. నా మొహం గోడ మీద ఎప్పుడూ లేదు. పెళ్లి ఫొటో కూడా తీయలేదు.” ఇవాళ ముగ్గురూ పని మానుకుని ఆటోలో వస్తున్నారు.

కృపావతి ముందే పంపించిన తన బొమ్మని వెతుక్కుంటూ లోపలి గోడ దగ్గరికి వెళ్లింది. అక్కడ ఆగిపోయింది.

బొమ్మ తనదే, కల్లం తనదే, ఎర్రటి కాయల రాశీ తనదే. మొహాలు మాత్రం తనవి కావు. ముగ్గురికీ తెల్లటి చర్మం, గులాబీ బుగ్గలు, ఎర్రటి పెదాలు. సంతోషమ్మ నుదుటి మీద ముడతలు కప్పేసి ఇస్త్రీ చేసినట్టు నున్నగా పూశారు. పక్కనే స్టూలు మీద వెంకట్ కుంచె తుడుచుకుంటున్నాడు. ఒకప్పుడు గోడల మీద పార్టీ రాతలు రాసేవాడు, ఇప్పుడు సతీష్‌బాబుకి ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు.

“ఏంట్రా ఇది?”

“సార్ చెప్పారక్కా. లైటింగ్‌కి మొహాలు కనపట్లేదన్నారు. రాత్రి కూర్చుని కొంచెం టచప్ చేసా. బాగొచ్చింది కదా?” వాడి గొంతులో నిజంగానే గర్వం ఉంది. ఫ్లెక్సీ మీద మొహమంటే తెల్లజేయాలి, అదే వాడికి తెలిసిన పని. చచ్చినవాడి సంతాపం ఫ్లెక్సీకైనా అంతే.

“ఏం వేశావు?”

“పోస్టర్ కలరే. పిల్లలు వాడేది.”

ఇంతలో సతీష్‌బాబు వచ్చాడు, ఫ్లెక్సీ కంటే రెండు ఛాయలు తక్కువగా. “ఏం కృపావతీ, చూసుకున్నావా? చీఫ్ గెస్ట్ గారు అరగంటలో వచ్చేస్తున్నారు. నీ బొమ్మ ముందే రిబ్బన్ కటింగ్.”

“నన్నడక్కుండా నా బొమ్మ మీద చెయ్యెట్టే హక్కు మీకెవరిచ్చారండి?”

“అబ్బ, మొదలెట్టావా! నల్లగా ఉంటే ఫొటోలో పడరు తల్లీ. మీవాళ్లని అందంగా చూపిద్దామనేగా నా తాపత్రయం.”

మీవాళ్లు. ఆ మాట కృపావతి చెవిలో ఈగలా దూరింది. బదులు చెప్పబోయింది. అంతలో గుమ్మం దగ్గర సంతోషమ్మ గొంతు వినిపించింది.

ముగ్గురూ ఉతికిన చీరల్లో, తలలకి నూనె రాసుకుని, చెప్పులు బయట విడిచి లోపలికొచ్చారు. గోడ వెంట నడుస్తూ ఒక్కో బొమ్మా చూశారు. నెమలి దగ్గర ఆగారు. నాగలి దగ్గర నవ్వుకున్నారు. మిరప కల్లం ముందునుంచి అలాగే నడుచుకుంటూ దాటిపోయారు. గోడ చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగారు.

“ఏదే మా బొమ్మ?” అంది సంతోషమ్మ.

కృపావతి చెయ్యి చూపించింది.

సంతోషమ్మ దగ్గరికొచ్చి కళ్లు చికిలించి చూసింది. “ఇదెవరే? టీవీలో సబ్బులమ్మే పిల్లా? పౌడరేసుకుని మిరపకాయలేరడమేంటే, తుమ్మి చావదూ!”

“చీర నాదే,” అంది వెనకాలున్న ఇద్దరిలో ఒకామె మెల్లగా. “మొహమే ఎవరిదో.”

సంతోషమ్మ ఇక నవ్వలేదు. “మా మొహాలు నీక్కూడా పనికిరాలేదా అమ్మాయ్?” అంది.

కృపావతి ఒక్క లాగు లాగింది. మేకుతో సహా ఊడొచ్చింది గుడ్డ. దాన్ని భుజాన వేసుకుని, భోజనాల హాలు పక్కన చేతులు కడుక్కునే కుళాయిల దగ్గరికి నడిచింది. సతీష్‌బాబు వెనకాలే పరుగెత్తాడు.

“పిచ్చా నీకు? తడిపితే బొమ్మ మొత్తం పోద్ది!”

“నాది పోదు. మీదే పోద్ది.”

బకెట్లో ముంచింది. అరచేత్తో రుద్దింది. తెల్లరంగు పాలవిరుగుడులా తేలింది, గులాబీ బుగ్గలు కరిగి నురగ కట్టాయి. సంతోషమ్మ కొంగు దోపుకుని వచ్చి ఇంకో కొస పట్టుకుంది. “అట్టా కాదే, పిండాలి,” అంది. దుప్పటి పిండినట్టు చెరోవైపు మెలిపెట్టారు. విప్పి చూస్తే లోపలినుంచి నల్లటి మొహాలు ముడతలతో సహా బయటికొచ్చాయి. నేతలో అక్కడక్కడా తెల్లటి మచ్చ మిగిలింది. పై మూల పసుపుతో వేసిన ఎండ మాత్రం పూర్తిగా పోయింది. మోదుగపూల రంగైతే నిలిచేది; ఆ పూల కాలం దాకా ఆగలేక, ఈ దిక్కుమాలిన తేదీ కోసం తొందరపడి వేసిన ఎండ అది. పోతే పోయింది.

“ఇదీ, ఇది నా ముక్కు!” అంది సంతోషమ్మ, తడి గుడ్డ మీద వేలుపెట్టి.

అప్పుడే మైకు గరగరలాడింది. “మిత్రులారా! ముఖ్య అతిథి గారి రాక సందర్భంగా, సహజ రంగుల గొప్పతనాన్ని మన కళాకారిణి లైవ్ డెమో ద్వారా చూపిస్తున్నారు!” సతీష్‌బాబు గొంతు. కుళాయిల చుట్టూ జనం మూగారు. ఫోన్లు లేచాయి. చప్పట్లు. అతిథి గారు సన్మానపు శాలువా మడత విప్పుతూ వస్తున్నారు. వెంకట్ కూడా చప్పట్లు కొడుతున్నాడు.

కృపావతి తిట్టబోయి ఆగింది. తిడితే తిట్టు కూడా డెమో అయిపోతుంది. ఆ బకెట్ ఎత్తి వాళ్ల మీద కుమ్మరిస్తే దానికీ చప్పట్లు కొడతారు. మిగిలింది ఒక్కటే. గుడ్డ చుట్టి చంకన పెట్టుకుంది.

“పదత్తా.”

“ఎక్కడికి? ఆయన శాలువా కప్పుతాడంటగా!” అంది సంతోషమ్మ వెంట నడుస్తూనే. “కప్పించుకుని రావాల్సింది. చలికి నాకైనా పనికొచ్చేది.”

“ఆ శాలువా కంపు నువ్వు భరించలేవు.”

వెనకనుంచి సతీష్‌బాబు అరిచాడు. “ఇంకెప్పుడూ నిన్ను పిలవను, చూసుకో!”

“పిలిచి చూడు!” అంది కృపావతి తిరక్కుండానే. మాట చివరి ‘అండి’ ఎక్కడో పడిపోయింది, ఏరుకోలేదు.

ఆటో హైవే ఎక్కింది. తడి గుడ్డని ఒళ్లో పెట్టుకోలేక ఆడవాళ్లు దాన్ని పక్కకి వేలాడదీసి, పై అంచు గట్టిగా పట్టుకున్నారు. గాలికి అది టపటపా కొట్టుకుంటోంది. పక్కనుంచి వెళ్తున్న లారీ క్లీనర్ కిటికీలోంచి వంగి, గుడ్డ మీది మొహాలనీ ఆటోలోని మొహాలనీ మార్చి మార్చి చూశాడు.

“ఏంట్రా చూస్తావ్?” అని సంతోషమ్మ కేకేసింది. “మేమే!”