నలభై రోజుల పాత దారి

నేను ఒక బ్రాంచ్‌ని. విశాఖలో, అంబులెన్సులకు దారి చూపే యాప్ తయారుచేసే ఆఫీసులో పుట్టాను. అక్కడ అందరూ కలిసి వాడే అసలు ప్రతిని మెయిన్ అంటారు. కొత్త పని మొదలుపెట్టేవాడు దానికి నకలు తీసుకుని అందులో గీకుతాడు. ఆ నకలే నేను. నన్ను తీసినవాడు పృథ్వీధర్. వాడంటే నాకు అసహ్యం. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

మెయిన్ రోజూ మారుతుంది. ఆ మార్పులు నాలో కలపకపోతే నేను పాచిపోతాను. పృథ్వీధర్ రోజూ కలిపేవాడు కూడా, అదే నా కడుపుమంట. ఆఫీసు సర్వర్లోని మెయిన్‌ను ముందు కిందికి దించుకోవాలి కదా, ఆ పని మాత్రం చేసేవాడు కాదు. తన ల్యాప్‌టాప్‌లో పడి ఉన్న పాత మెయిన్‌నే నాతో కలిపేవాడు. కొత్తగా కలపడానికేమీ లేదని మిషన్ చెప్పేది. ఆగిపోయిన గడియారంలో టైము చూసుకుని మురిసే రకం.

పొద్దున మీటింగులో టీమ్ లీడ్ భానోజీ గారు అడిగేవారు.

"ఏటి పృథ్వీ, మెయిన్‌తో కలిపీసావా?"

"కలిపీసాను సార్. అంతా అప్‌టుడేట్."

అబద్ధమైతే ఎప్పుడో దొరికిపోయేవాడు. నమ్మి చెప్పాడు కాబట్టి అందరూ నమ్మారు.

ఇలా నలభై రోజులు గడిచాయి. ఆ రోజుల్లోనే వానలకు పెదవాగు వంతెన కూలింది. అదే టీమ్‌లోని నస్రీన్ వెంటనే మెయిన్‌లో ఆ దారి మూసి, చుట్టుదారి పెట్టింది. నాలో మాత్రం వంతెన నిక్షేపంగా ఉంది.

నన్ను మెయిన్‌లో కలిపే రోజు ముప్పై ఒక్క చోట్ల నా రాతలకూ మెయిన్ రాతలకూ తేడా వచ్చింది. ఏది ఉంచాలని మిషన్ అడిగింది.

"దార్ల ఫైలు చూసి కలపండి. అందులో నా మార్పుంది" అంది నస్రీన్.

"నాది రోజూ అప్‌డేట్ చేస్తన్నదే కదండీ" అని, ఒక్క లైనైనా చదవకుండా అన్నిచోట్లా నావే ఉంచేశాడు దరిద్రుడు. భానోజీ గారు తెరిచి చూడకుండానే సరేనన్నారు.

మర్నాడు నొప్పులు పడుతున్న గౌరీశ్వరి అనే ఆమెతో అంబులెన్సు యాప్ చూపిన దారినే వెళ్లి ఆ తెగిన వంతెన దగ్గర ఆగింది. డ్రైవరు ఆ వైపు కొత్త. వెనక్కి తిప్పి చుట్టూ వెళ్లేసరికి గంట పట్టింది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

"బ్రాంచ్ పాతదైపోయింది సార్" అన్నాడు పృథ్వీధర్, తప్పంతా నాదైనట్టు. అని, నన్ను తుడిచేశాడు. తుడిచినవాటిని మిషన్ పూర్తిగా ఊడ్చేదాకా ఈ చెత్తలోనే ఉంటాను.

"ఆ చుట్టుదారి మళ్లీ పెట్టడానికి ఎంతసేపమ్మా?" అని నస్రీన్‌ని అడిగారు భానోజీ గారు.

"రెండే లైన్లు సార్. రెండు నిమిషాలు."

అరగంట పట్టింది. ముప్పై ఒక్క చోట్లా ఒక్కో లైనూ చదివాకే ఆమె కలిపింది.