మోకు పట్టుకుని చెప్పిన మాట

రెండో వరద వచ్చి వెళ్లిన మరుసటి ఏడు ఇది జరిగింది. మొదటి వరద వీధుల్లోకి వచ్చి పోయింది. రెండోది ఊరికి నీళ్లిచ్చే పంపుహౌసునే ముంచేసింది. ఊరంతా నీళ్లు, తాగడానికి చుక్క లేదు. ఇంకోసారి మునగకుండా ఎత్తుగా దిమ్మెలు కట్టి, పంపులను వాటి మీదికి ఎక్కించాలన్నారు. క్రేను దూరే సందు లేదు. అందుకని మమ్మల్ని పిలిచారు.

మాది బరువులెత్తే ముఠా. కప్పీలు, గొలుసులు, గునపాలు, ఒక లావుపాటి మోకు. అదే మా ఆస్తి. నేను మేస్త్రిని. పాట పెట్టేది నేనే. పాటంటే రాగాలేం ఉండవు. లాగు, ఆపు, వదులు, అంతే. పని బయట నేను మాట్లాడేది తక్కువ. ఈ మనిషి మాటలన్నీ పని దగ్గరే ఖర్చయిపోతాయి, ఇంటికి చిల్లర కూడా తేడు అని మా ఆవిడ దెప్పేది.

మాకొక కట్టడి ఉంది. మోకు కొసను గుంజకు చుట్టి ఒకడు పట్టుకుంటాడు. మధ్యలో బరువు అడ్డం ఉంటుంది కాబట్టి వాడు నాకు కనిపించడు. "పట్టుందా?" అని అడుగుతాను. ఉంటే ఉందనాలి. జారుతుంటే జారుతోందనాలి. మొహమాటం పనికిరాదు, బడాయి పనికిరాదు. మోకు చేతిలో ఉండగా మావాళ్లెవరూ అబద్ధమాడరు. వదిలాక ఎన్ని కోతలు కోస్తారో, అది వేరే సంగతి.

నా తమ్ముడు ఆ ముఠాలోనే ఉన్నాడు. చాలా ఏళ్ల కిందట గొలుసు తెగి, వాడి తల పక్కనే ఉన్న ఇనప తొట్టికి కొట్టుకుంది. ఆ మోతకు కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమది ఉండీ లేనట్టే. అప్పటినుంచి వాడికి మోకు ఇవ్వలేదు. నేను అడిగేది వినపడదు కదా. బరువు పక్కన గునపం పట్టుకుని, నా చెయ్యి చూసి పని చేస్తాడు. అరచెయ్యి చూపిస్తే ఆగుతాడు. వేళ్లు ఆడిస్తే జరుపుతాడు. వాడికి కనబడేలా నిలబడటం నా పని. ఒక్కనాడూ తేడా రాలేదు. ముఠాకంతా ఇది తెలుసు. కంపెనీకి తెలియదు. వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. ఈ పని పోతే వాడికి ఇంకో పని ఇచ్చేవాడు లేడు.

పంపులు ఎక్కించే ముందు కంపెనీ మేనేజరు ఒక మెలిక పెట్టాడు. ముఠా మొత్తం ప్రాజెక్ట్ మేనేజ్‌మెంటు, లీడర్‌షిప్పు శిక్షణకు రావాలట. సర్టిఫికెట్ లేకపోతే పనిలోకి దిగనివ్వరట.

"శిక్షా?" అన్నాడు నా అల్లుడు. వాడూ ముఠాలోవాడే, నోరు ఊరుకోదు. "మనమేం నేరం చేశాం మామయ్యా?"

నీళ్ల ఆఫీసు మేడ మీద గది. మెత్తని కుర్చీలు, చల్లటి గాలి. శిక్షణ ఇచ్చే ఆయన చిన్నవాడే. వచ్చినప్పటినుంచి నవ్వుతూనే ఉన్నాడు. అరగంటలో మావాళ్లు ఆయనకు నవ్వుల సారు అని పేరు పెట్టేశారు. మేనేజరు వెనక కుర్చీలో ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు.

నవ్వుల సారు గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. పని గళ్లు, తేదీల గళ్లు, ముప్పు ఎక్కడ రావచ్చో ఎర్ర గళ్లు. నిజం చెప్పాలంటే అది బాగానే ఉంది. తర్వాత కాగితం గొట్టాలిచ్చి గోపురం కట్టమన్నాడు. మావాళ్లు కట్టింది తుమ్మితే పడిపోయింది.

"ఇనుమివ్వండి సార్, ఆకాశానికి కడతాం," అన్నాడు అల్లుడు.

మధ్యాహ్నం అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. చేతిలో పసుపుపచ్చ బంతి. "ఇది ఎవరి చేతిలో ఉంటే వాళ్లు మాట్లాడాలి. మీ టీములో ఎప్పుడూ పైకి చెప్పని కష్టం ఏదైనా చెప్పాలి. ఈ గదిలో మాట ఈ గది దాటదు. అది నా హామీ."

బంతి చుట్టూ తిరిగింది. "అంతా బాగుంది సార్." "కష్టమేం లేదు సార్." "మీ దయ సార్."

ఆయన నవ్వు కొంచెం వాడింది. చుట్టూ చూశాడు. తలుపు దగ్గర మా మోకు చుట్ట ఉంది. పని దగ్గర వదిలేసి వస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని నేనే మోసుకొచ్చాను. ఆయన లేచి వెళ్లి, దాని కొస లాగి తెచ్చాడు.

"మీ సొంత వస్తువు ఉండగా బంతి ఎందుకు? ఇది పట్టుకుని చెప్పండి."

మావాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కొస అల్లుడి చేతికి వచ్చింది. వాడు గొంతు సవరించుకున్నాడు.

"మేనేజరుగారంటే నాకు భయం లేదు సార్. విసుగు."

అందరూ నవ్వారు. తర్వాత పొడుగువాడు, మేం కొంగ అంటాం, మోకు పట్టుకున్నాడు. "మొన్న మేస్త్రి క్యారియర్‌లో కూర మాయమైంది. తిన్నది నేనే. ఉప్పు తక్కువైంది."

నవ్వుల సారు మొహం వెలిగిపోయింది. బంతికి పలకని నోళ్లు తాడుకు ఎందుకు పలుకుతున్నాయో ఆయన ఆలోచించలేదు. కొస తీసుకెళ్లి నా తమ్ముడి చేతిలో పెట్టాడు. వాడి ముందు వంగి, మొహంలో మొహం పెట్టి అడిగాడు. "మీరు చెప్పండి. మీ కష్టం ఏమిటి?"

నేను అరచెయ్యి ఎత్తాను. ఆపు అని. ఇన్నేళ్లలో వాడు నా చెయ్యి చూడకుండా పని చేసింది లేదు. ఆ ఒక్కసారి ఆయన పెదాలు చూస్తున్నాడు.

వాడు మోకు వంక చూసుకున్నాడు. చేతికి అది ఎన్నాళ్లకు వచ్చిందో. రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు.

"నాకు చెవులు లేవండి. కుడిది అసలు లేదు. అన్న చెయ్యి చూసి చేస్తాను."

నవ్వుల సారు చప్పట్లు కొట్టాడు. వాడిని కౌగిలించుకున్నాడు. "ఇదీ ధైర్యం! ఇదీ నాయకత్వం!" అన్నాడు. కళ్లల్లో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. వెనక మేనేజరు ఫోను జేబులో పెట్టాడు.

సాయంత్రం మెట్ల దగ్గర మేనేజరు నన్ను ఆపాడు.

"మేస్త్రీ, రేపు నీ తమ్ముణ్ణి తీసుకురాకు."

"ఎందుకు?"

"చెవిటివాణ్ణి బరువు పక్కన నిలబెడతారా? రేపేమైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది."

"వచ్చి చూడండి. వాడు పనిచేసేది ఒక్కసారి చూడండి. చూశాక తీసేయండి."

"చూసేదేముంది? వాడే ఒప్పుకున్నాడుగా."

ఆ మాటకు నాకు ఒళ్లు మండిపోయింది. ఒప్పుకున్నాడట. దొంగతనం చేసినవాడిలా. అడగడం తప్పని నేను అనను. ముందే వచ్చి నన్ను అడిగితే చూపించేవాణ్ణి, చూసి కాదంటే తల వంచేవాణ్ణి. వెనక కూర్చుని విన్నమాట పట్టుకుని మనిషిని పీకేయడమేమిటి?

నవ్వుల సారు కారు దగ్గర ఉన్నాడు. వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"గదిలో మాట గది దాటదన్నారు."

"నేనెవరికీ చెప్పలేదు మేస్త్రిగారూ. మేనేజరుగారు గదిలోనే ఉన్నారు కదా!"

"ఆయన ఉన్నాడని తెలిసే మావాణ్ణి అడిగారా?"

"చూడండి, శిక్షణ వరకే నా బాధ్యత. తర్వాత నిర్ణయాలు కంపెనీవి." అప్పుడూ నవ్వుతూనే ఉన్నాడు. ఆ పళ్లు రాలగొట్టాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చేశాను.

తమ్ముడి ఇంటికి వెళ్లాను. మరదలు గుమ్మంలోనే అడిగింది. "ఏమైంది బావగారూ? వచ్చినప్పటినుంచి గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. చేతులు ఊపినా ఇటు తిరగడు."

చెప్పాను. ఆమె తిట్టాల్సినవాళ్లందరినీ తిట్టింది. చివరికి నా మీదికి వచ్చింది. "మీరు అక్కడే ఉన్నారుగా? ఒక్క అబద్ధం ఆడమని చెప్పలేకపోయారా?"

తమ్ముడు అప్పటికి ఇటు తిరిగాడు. ఆమె నోటి వంక చూసి అర్థం చేసుకున్నాడు.

"మోకు చేతిలో పెట్టాడే. ఏం చెప్పమంటావు?" అన్నాడు. తర్వాత నాతో, "నేను లేకపోయినా పని ఆపకు అన్నా. అందరి కడుపులూ ఉన్నాయి," అన్నాడు.



మర్నాడు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని పంపుహౌసుకు వెళ్లాను. గేటు దగ్గర కాపలావాడు వాణ్ణి ఆపేశాడు. నన్ను పంపాడు.

లోపల పంపుకు గొలుసులు కట్టి సిద్ధంగా ఉంచారు. ముఠా చుట్టూ నిలబడి ఉంది. మేనేజరు వచ్చాడు. సర్టిఫికెట్లు పట్టుకుని నవ్వుల సారూ వచ్చాడు. మేం బరువెత్తుతుంటే ఫోటో తీసుకోవాలట.

"ఊఁ, మేస్త్రీ, పాట పెట్టు," అన్నాడు మేనేజరు.

నేను మోకు కొస తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాను. ఆయనకు అర్థం కాలేదు. ఫోటో కోసమనుకుని పట్టుకున్నాడు.

"నిన్న మావాడు ఇది పట్టుకుని ఉన్నమాట చెప్పాడు. ఇప్పుడు మీరు చెప్పండి. నా తమ్ముడు పనికిరాడని మీరు కళ్లారా చూశారా?"

"ఏంటీ వేషాలు?"

"చూశారా, లేదా? మోకు చేతిలో ఉంది. చెప్పండి."

ముఠా అంతా ఆయన చేతుల వంక చూస్తోంది. ఆయన నవ్వుల సారు వంక చూశాడు. నవ్వుల సారు సర్టిఫికెట్ల వంక చూసుకున్నాడు. మొదటిసారి ఆయన మొహంలో నవ్వు లేదు.

మేనేజరు మోకు కింద పడేశాడు. బురదలో పడింది.

నేను దాన్ని తీసి, పక్కనున్న నీళ్ల తొట్టిలో ముంచి కడిగాను. చుట్ట చుట్టి భుజాన వేసుకున్నాను. పాట పెట్టలేదు.

"మామయ్యా, మరి సర్టిఫికెట్?" అన్నాడు అల్లుడు, నా వెనకే నడుస్తూ.

"గోపురం కట్టుకోమను."

వెనక గునపాలు కింద పెట్టిన చప్పుడు ఒకటి తర్వాత ఒకటి వినిపించింది. వెనక్కి తిరిగి చూడలేదు. గేటు అవతల నా తమ్ముడు నా చేతి వంకే చూస్తున్నాడు. వాడికి కనబడేలా నిలబడి, చెయ్యి ఎత్తి, ఇంటికి పద అన్నాను.