పదో మాట

"పులిహోరలో వేరుశనగలు మాడాయి. వచ్చేది రబ్బీ, మీ పుట్టింటివాళ్లు కాదు," అంది లేయమ్మ. మోకాళ్లు పట్టేసి ఆమె పొద్దుటి నుంచి సోఫా దిగలేదు. అక్కడి నుంచే వంట నడిపిస్తోంది.

హైమావతి మాడినవి ఏరి పారేసి మళ్లీ వేయించింది. అత్తగారితో వాదించడం ఎప్పుడో మానేసింది. హైమావతి పుట్టింది ఒంగోలులో. ఏలీయాను ఇష్టపడి, పెళ్లికి ముందు రెండేళ్లు చదివి, నీళ్లలో మూడు మునకలు వేసి యూదు మతంలోకి వచ్చింది. అతనిది గుంటూరు వైపు తెలుగు యూదుల కుటుంబం. సింగపూర్ వచ్చి పదకొండేళ్లు. బుకిట్ బటోక్‌లో కాపురం, వన్-నార్త్‌లో అతని ఉద్యోగం. ఇరవై కుటుంబాలున్న చిన్న సంఘానికి అతనే కార్యదర్శి. కార్యదర్శిగారి భార్య కాబట్టి శుక్రవారం ప్రార్థన ఉందంటే అద్దె హాలు తుడవడం, కుర్చీలు వేయడం, వంట, గిన్నెలు అన్నీ ఆమెవి. మాంసం గిన్నెలు వేరు, పాల గిన్నెలు వేరు. ఆ రెండూ కలిపితే తప్పు. వారమంతా క్లినిక్‌లో ఫోన్లెత్తే మనిషి శుక్రవారం సెలవు పెట్టుకుని మరీ ఈ పనులన్నీ ఒక్కతే చేస్తే మాత్రం తప్పు కాదు.

సంఘానికి రెండేళ్లుగా రబ్బీ, అంటే మతగురువు, లేడు. అడిగిన ముగ్గురూ రామన్నారు. నాలుగో ఆయన ఒప్పుకున్నాడు. ఇవాళ ఆయనకు స్వాగతం. ఆదివారం ఏడాది ఒప్పందం మీద సంతకం. జూన్ సెలవులని సగం కుటుంబాలు సొంత దేశాలకు వెళ్లిపోయాయి. సాయంత్రం హాలు వంటగదిలో గిన్నెలు దించుతుంటే తొమ్మిదేళ్ల తన్మయి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, రబ్బీ వచ్చేశారు. సో యంగ్ లా."

ఆయన నేరుగా వంటగదిలోకే వచ్చాడు. వెనకే ఏలీయా.

"హైమావతిగారు మీరేనా?" అని ఇంగ్లీషులో పలకరించాడు. "ఉత్తరంలో మీ గురించి చదివాను. నెలకోసారి అందరి ముందు తోరా చదివేది మీరేనట. ఇక్కడ ప్రార్థనకు ఆడవాళ్లనూ లెక్కపెడతామని రాశారు. అందుకే ఇంకో ఊరి పిలుపు వదులుకుని మీ దగ్గరికొచ్చాను."

గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది. ఇంకెవరి గురించైనా అంటున్నాడేమో అనుకుంది. ఆ పేరు గలది సంఘంలో తనొక్కతే. పదిమంది కూడితే తప్ప ఇక్కడ పూర్తి ప్రార్థన జరగదు. ఆ పదిమందీ మగవాళ్లే కావాలి. తొమ్మిదిమందే వచ్చిన సాయంత్రాల్లో వాళ్లు తలుపు వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. ఆమె టీ కప్పులతో వాళ్ల మధ్యే తిరిగేది. ధర్మగ్రంథమైన తోరాను అందరి ముందు చదవాలని ఆమెకు ఆశ లేకపోలేదు. రైల్లో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, పెదవులు కదుపుకుంటూ ఒక్కో అక్షరం నేర్చుకుంది. పక్క సీటు ఆంటీ ఒకావిడ భయపడి లేచి వెళ్లింది కూడా. ఒకసారి నోరు తెరిచి అడిగింది. "నీ యాసకు నవ్వుతారు హైమా," అన్నాడు ఏలీయా. "మునకలేసి వచ్చినదానివి. నువ్వు చదువుతుంటే పుట్టుకతో వచ్చినవాళ్లు కూర్చుని వినాలా?" అంది లేయమ్మ. ఆ తర్వాత ఆమె అడగలేదు. నవ్వుతారన్న ఆ గొంతునే ఇప్పుడు ఏలీయా ఉత్తరంలో ఎరగా వేశాడు. ఆ ఉత్తరం ఎప్పుడు రాశాడు? తను అన్నం వడ్డిస్తుంటే రాశాడా?

"అవునను హైమా," అన్నాడు ఏలీయా తెలుగులో, ముఖాన నవ్వు చెదరకుండా. "ఆదివారం దాకా చాలు. తర్వాత మనం మాట్లాడుకుందాం."

"వంట చూసుకోవాలి," అని మాత్రం అంది ఆమె. రబ్బీ దాన్ని సిగ్గనుకున్నాడు.

ఏడు కాకముందే పొయ్యి ఆర్పి దీపాలు వెలిగించింది. దాంతో సబ్బాతు, వాళ్ల విశ్రాంతి దినం, మొదలైంది. ఇక ఫోన్ ముట్టకూడదు, ఎవరినీ పిలవడానికి లేదు. రబ్బీతో కలిపి వచ్చినవాళ్లు తొమ్మిదిమంది, అందరూ మగవాళ్లే. పదో ఆయనకు జ్వరం.

మనుషులను అంకెలతో లెక్కపెట్టడం వాళ్ల ఆచారం కాదు. పది మాటలున్న వాక్యం ఒకటి ఉంది. దాన్ని ఒక్కో మనిషికి ఒక్కో మాట చొప్పున పలుకుతారు. చివరి మాటకు మనిషి ఉంటే ప్రార్థన, లేకపోతే లేదు. రబ్బీ తనతో మొదలుపెట్టి ఒక్కొక్కరినే చూస్తూ మాటలు పలికాడు. తొమ్మిదో మాట ఏలీయాకు వచ్చింది. అప్పుడు ఆయన హైమావతి నిలబడి ఉన్న వంటగది గుమ్మం వైపు తిరిగాడు, నవ్వుతూ.

ఎవరూ కాదనలేదు. హైమావతి మిగతా ఎనిమిది ముఖాలూ చూసింది. ఒక్క దాంట్లోనూ ఆశ్చర్యం లేదు. ఉత్తరంలో ఏముందో అందరికీ తెలుసు. తెలియనిది ఆమెకొక్కదానికే. పదకొండేళ్లుగా వాళ్లు ధర్మమని చెప్పిన నియమం ఒక మనిషి తక్కువయ్యేసరికి నిమిషంలో పక్కకు జరిగింది. ఆమె గుమ్మం దాటి ముందుకొచ్చింది.

"ఆగండి," అంది ఇంగ్లీషులో. "ఉత్తరంలో రాసింది అబద్ధం. నేనిక్కడ ఒక్కరోజు కూడా చదవలేదు. నన్నెవరూ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇవాళ మీరు లెక్కపెడితే వీళ్ల అబద్ధాన్ని నేనే నిజం చేసినట్టవుతుంది. ఆ పదో మాట నాకివ్వకండి."

రబ్బీ ముఖంలో నవ్వు పోయింది. ఆయన చేతిలోని పుస్తకం మూశాడు.

"ఏం చేశావో తెలుస్తోందా?" అన్నాడు ఏలీయా, పళ్ల బిగువున, తెలుగులోనే. "ఆయన వెళ్లిపోతాడు."

ఆమె అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో జవాబు చెప్పింది.

"వెళ్లిపోవచ్చు. ఆయన ఉన్నా పోయినా, నేను కావాలంటే ముందు మీరు ఎనిమిదిమందీ నన్ను అడగండి. వస్తానో రానో అప్పుడు చెబుతాను."