వామనమూర్తి తాగిన నీళ్ళు

నేను ఒక నీళ్ళు శుభ్రం చేసే యంత్రాన్ని. చూడ్డానికి గొప్పగా ఉండను. ఇనుప చట్రం, పొడవాటి గొట్టాలు, మధ్యలో హోరున తిరిగే పంపు. ఒకవైపు చెరువునీళ్ళు లాగి, మరోవైపు మంచినీళ్ళు ఇస్తాను. ఇంగ్లండులో ఒక చిన్న కార్ఖానాలో పుట్టాను. 'రహమత్' అనే ముస్లిం సేవాసంస్థ నన్ను కొన్నది. ఎక్కడెక్కడివాళ్ళో దేవుడి పేరు మీద ఇచ్చిన దానంతో కొన్నారట. సంస్థ పేరు నా ఒంటిమీద అరబ్బీలో రాయించారు. ఎక్కడికి వెళ్ళినా జనం నాకంటే ముందు ఆ అక్షరాలను చూసేవారు.

భూకంపం వచ్చిన కొండ ఊళ్ళలో పనిచేశాను. యుద్ధంలో కూలిన పట్నంలో ఆసుపత్రికి నీళ్ళిచ్చాను. ప్రతి రేవులోనూ నన్ను విప్పి, గొట్టాల్లో లైటు వేసి చూసేవారు. మనుషులకు దాహంకంటే అనుమానం ముందు పుడుతుందని అప్పుడే తెలిసింది. వాళ్ళను తప్పుపట్టను. దానం పేరు చెప్పి మోసం చేసేవాళ్ళూ లోకంలో ఉన్నారు.

ఆ తర్వాత కృష్ణానది సముద్రంలో కలిసేచోట తుపాను వచ్చింది. కొత్తలంక అనే జాలర్ల ఊరి మీదికి ఉప్పెన పొంగింది. బావులు ఉప్పగయ్యాయి. చెరువులో చచ్చిన పశువులు తేలాయి. రోడ్డు కొట్టుకుపోవడంతో నన్ను పడవ మీద అక్కడికి చేర్చారు. నాతో వచ్చిన ఇంజనీరు పేరు తహసీన్. గుంటూరు అమ్మాయి. మోకాళ్ళలోతు బురదలో నిలబడి గొట్టాలు బిగించింది.

నీళ్ళు వచ్చాయిగానీ బిందెలు రాలేదు. ఆ నీళ్ళు తాగితే మతం మారిపోతుందని ఎవరో పుకారు లేపారు. చివరికి నాంచారమ్మ అనే ముసలావిడ ముందుకొచ్చింది. ఆమె మనవరాలు వాంతులు, విరేచనాలతో కళ్ళు తేలేసి పడుంది.

"అమ్మాయ్, ఈ నీళ్ళకి మాదేం కులవని అడుగుద్దా?" అంది.

"అడగదు పెద్దమ్మా. పట్టుకో" అంది తహసీన్. ఆ నీళ్ళలోనే ఉప్పు, పంచదార కలిపి చెంచాతో పిల్లకు పట్టించింది. సాయంత్రానికి పిల్ల కళ్ళు తెరిచింది. మర్నాటికల్లా నా ముందు బిందెల వరస చెరువుగట్టు దాకా సాగింది.

అప్పుడే జిల్లా కేంద్రం నుంచి వామనమూర్తి అనే అధికారి పడవ దిగాడు. విదేశీ సంస్థ ఏదో రహస్యంగా చేస్తోందని ఫిర్యాదు వెళ్ళిందట. మితభాషి. బూట్లు చేత్తో పట్టుకుని వచ్చి నా చుట్టూ తిరిగాడు. ఎవరు పంపారు, ఎవరికి ఇస్తున్నారు, ఎవరికైనా లేదన్నారా అని ఒక్కొక్కటే అడిగాడు. తహసీన్ అన్నిటికీ జవాబు చెప్పింది. నన్ను విప్పమంటే విప్పింది. లోపలి వడపోత గుడ్డ ఒకటి నల్లబడి ఉంది.

"ఇది మార్చాలి కదమ్మా" అన్నాడు.

"మార్చాలి సార్. నేను చూసుకోలేదు" అని అప్పటికప్పుడు కొత్తది వేసింది.

అయినా ఆయన సంతృప్తి పడలేదు. నీళ్ళు సీసాలో పట్టించి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా నన్ను ఆపేసి సీలు వేయాలంటూ సంచిలోంచి లక్క తీశాడు.

తహసీన్ ముఖం కందిపోయింది. కానీ గొంతు పెంచలేదు. "వేయండి సార్. అందాకా వీళ్ళకి నీళ్ళు ఎక్కణ్ణుంచి తెప్పిస్తారో కూడా చెప్పండి."

ఆయన ట్యాంకరు కోసం ఫోను చేశాడు. రోడ్డు లేదన్నారు. పడవలు ఖాళీ లేవన్నారు. ఫోను జేబులో పెట్టుకుని చెరువు వంక చూశాడు. గట్టు మీద వరసలో ఒక్కరూ కదల్లేదు. సీలు లక్క తిరిగి సంచిలో వేశాడు.

"యంత్రం నడవనివ్వండి. ఫలితం వచ్చేదాకా నేనిక్కడే ఉంటాను. ముందు నాకొక గ్లాసు ఇవ్వండి" అన్నాడు.

గటగటా తాగాడు. తాటాకు పాక కింద నా పక్కనే కుర్చీ వేయించుకున్నాడు. నాంచారమ్మ పెట్టిన గంజి తాగుతూ, ఎవరికి నీళ్ళు ఇస్తున్నారో కళ్ళారా చూస్తూ అక్కడే ఉండిపోయాడు. ఫలితం మంచిగానే వచ్చింది.

వెళ్ళేముందు తహసీన్ని అడిగాడు. "ఇన్ని ప్రశ్నలు వేశాను. కోపం రాలేదా అమ్మా?"

"వచ్చింది సార్. కానీ ఇది ఎవరో కడుపు కట్టుకుని ఇచ్చిన దానం. మీరడక్కపోయినా ఒకరోజు పైవాడు అడుగుతాడు. ముందుగా మీకు లెక్క అప్పజెప్పాననుకుంటా."

ఆయన చేతులు జోడించి పడవెక్కాడు.

ఇప్పుడు నేను గుంటూరులో సంస్థ షెడ్డులో ఉన్నాను. పంపు అరిగిపోయింది. కొత్తగా చేరినవాళ్ళకు పని నేర్పడానికి నన్ను విప్పి బిగిస్తుంటారు. మొన్న గోదావరి పొంగింది. తహసీన్ ఫోను మోగినప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"నేనమ్మా, వామనమూర్తిని. ఇప్పుడు గోదావరి వైపు పనిచేస్తున్నాను. ఇక్కడ లంకలు మునిగాయి. మీ యంత్రమేదైనా ఖాళీగా ఉందా?"

"కొత్తది ఉంది సార్. ఇప్పుడే బయల్దేరదీస్తాను. తనిఖీకి ఎవరొస్తారు?"

"నేనే వస్తాను. గ్లాసు కూడా తెచ్చుకుంటాను" అన్నాడాయన.

తహసీన్ నవ్వుకుంటూ లారీ కోసం బయటికి పరుగెత్తింది.