పూత మీద పడ్డ అక్షరం

వికారాబాద్ స్టేషన్ వెనక వీధిలో, మేడ మీది ఒంటి గదిలో భవ్యశ్రీ పొద్దుటి నుంచి ఒకే వాక్యంతో కుస్తీ పడుతోంది. కంది రైతుల కోసం వీడియోలు పెట్టే ఒక ఛానెల్‌కు ఆమె థంబ్‌నెయిల్స్ చేస్తుంది. వీడియో తెరవకముందే ఫోనులో కనిపించే బొమ్మ, దాని మీది పెద్ద అక్షరాలు ఆమె చేతి పనే.

ఆనాటి వాక్యం: ‘పూత మీద ఈ మందు కొట్టొద్దు.’ పక్కన మందు డబ్బా ఫొటో.

మామూలు అక్షరాలు పెడితే ఛానెల్ నడిపే రాకేష్‌కు నచ్చదు. “జర కొత్తగ ఉండాలె” అని హైదరాబాద్ నుంచి మెసేజ్ పెడతాడు. అందుకని తీగల్లా మెలికలు తిరిగే ఫాంటు ఏరి, చుట్టూ మందంగా నల్లటి అంచు కట్టి, నిప్పు రంగు పోసింది. ఒత్తులు అంచులో కలిసిపోయాయి. లాప్‌టాప్ తెర మీద అంత పెద్దగా చూసిన ఆమెకు అది లోపంగా తోచలేదు, ముచ్చటగానే ఉంది. రాకేష్ బాగుందన్నట్టు బొటనవేలి గుర్తు పంపాడు. ఆ రోజంతా ఆమెను పలకరించింది ఆ గుర్తొక్కటే.

భర్తతో విడిపోయి ఆ గదికి వచ్చినప్పటి నుంచీ ఆమె బతుకు అట్లాగే ఉంది. కింది వాటా వాళ్లు మెట్ల మీద ఎదురైతే తల తిప్పుకుంటారు. పని ఇచ్చేవాళ్లు రాసి పంపుతారే తప్ప మాట్లాడరు. స్టేషన్ మైకులో రైళ్ల పేర్లు చెప్పే గొంతే ఆమెకు ఇంట్లో మనిషి గొంతు. తను రాసే అక్షరాలను లక్షమంది చూస్తారని తెలుసు. వాళ్లలో ఒక్కరి ముఖం కూడా ఆమె ఎరగదు.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. రైతుల ఫోన్లు ఎక్కువయ్యాయని రాకేష్ ఛానెల్ నంబరును ఆ ముందురోజే ఆమెకు అంటగట్టాడు.

“నేను తాండూరు అవతల, కర్ణాటక పొలిమేర కాడి నుంచి మాట్లాడుతున్న. శాంతవ్వ అంటరు,” అంది అవతలి గొంతు. “మీ బొమ్మ మీద మందు కొట్టొచ్చు అని ఉండె. కొట్టిన. పూతంత రాలిపోయింది. మళ్ల వస్తదా బిడ్డా?”

 భవ్యశ్రీ ముందు తనను తాను కాపాడుకోవాలనే చూసింది. “పెద్దమ్మా, కొట్టొద్దు అనే రాసినం. వీడియోల గూడ అదే చెప్పిండ్రు. చూడలేదా?”

“చేన్ల నెట్టు సరిగ్గ రాదు. బొమ్మొచ్చింది, వీడియో గిర్రున తిరుక్కుంటనే ఉండె. కూడబలుక్కొని చదువుకున్న. పెద్దయినంక నేర్చిన చదువు గద, తప్పు నాదేనేమో.”

ఆ చివరి మాట భవ్యశ్రీని నిలవనియ్యలేదు. తన ఫోనులో ఆ బొమ్మ తీసి, డాబా మీద ఎండలోకి వెళ్లి చూసింది. అగ్గిపెట్టెంత బొమ్మలో ‘ద్దు’ ఏదో, ‘చ్చు’ ఏదో రాసిన మనిషికే తెలియలేదు. పక్కనున్న మందు డబ్బా మాత్రం కొనుక్కోమన్నట్టు నిగనిగలాడుతోంది.

మర్నాడు ఫోనులో ఊరి పేరు, దారి కనుక్కొని, రైలెక్కి తాండూరులో దిగి, ఆటో పట్టుకొని ఆ ఊరు చేరింది. శాంతవ్వ చేనుగట్టు మీదే కూర్చుని ఉంది. మొక్కలు నిలువునా పచ్చగానే ఉన్నాయి. సాళ్ల మధ్య మాత్రం పసుపు ఆరబోసినట్టు పూత రాలి పడి ఉంది. 

“ఆ బొమ్మ మీద రాసింది నేనే పెద్దమ్మా,” అంది భవ్యశ్రీ.

శాంతవ్వ ఆమెను కిందికీ మీదికీ చూసింది. తిడుతుందనుకుంది భవ్యశ్రీ. “ఇంత చిన్నపిల్లవా!” అని శాంతవ్వ చెంగుతో గట్టు దులిపింది. “కూసో. మా ఆయన పోయినంక గీ గట్టు మీదికి నాకోసమని వచ్చినోళ్లు లేరు.”

సద్దిమూట విప్పి జొన్నరొట్టె సగం తుంచి ఇచ్చింది. తింటూ తలొంచుకునే అంది: “పక్కల ఎవరన్న ఉంటే గిదేంది అని అడుగుదును. నాకు అడగనీకె ఎవరున్నరు? రాసినోళ్లు మంచికే రాస్తరని నమ్మిన.”

భవ్యశ్రీ రొట్టె ముక్కను ఒళ్లో పెట్టుకుంది. గట్టు మీది నుంచే రాకేష్‌కు ఫోన్ చేసింది.

“ఆ బొమ్మ ఇప్పుడే తీసెయ్యాలె అన్నా. పాతవాటి మీద గూడ అక్షరాలు మారుస్త.”

“సాదా అక్షరాలు పెడితె ఎవడు నొక్కుతడు?” విసుక్కున్నాడు రాకేష్.

“నొక్కకపోయినా చదువుతరు. ఈడ ఒకామె చేను పోయింది. మీకు ఇష్టం లేకుంటే వేరేటోళ్లను చూసుకోండ్రి.”

అతను ఫోను పెట్టేశాడు. చివరికి బొమ్మ తీసేశాడు, తప్పు ఒప్పుకుంటూ ఒక వీడియో కూడా పెట్టాడు. కానీ ఆ నెల నుంచి సగం పని ఇంకొకరికి ఇచ్చాడు. మిగిలిన సగంతోనే భవ్యశ్రీ సరిపెట్టుకుంది. ఉన్న పనిలో నిండైన, నిలువు అక్షరాలు వాడింది. మాటలు తగ్గించింది, ఒత్తులకు చోటు వదిలింది, అంచులు తీసేసింది. ‘వద్దు’ అన్న మాటను అన్నిటికన్నా పెద్దగా రాసింది.

శాంతవ్వ చేనులో తరవాత మళ్లీ పూత వచ్చింది గానీ పలచగా వచ్చింది. రావలసినంత పంట రాలేదు. ఆ నష్టాన్ని ఏ ఫాంటూ పూడ్చలేదు.

ఇప్పుడు భవ్యశ్రీ ఏ బొమ్మ చేసినా ముందు శాంతవ్వకు పంపుతుంది. చిన్న ఫోనులో, ఎండలో నిలబడి ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదువుతుంది. ఎక్కడ తడబడితే అక్కడ భవ్యశ్రీ మారుస్తుంది. చదవడం అయ్యాక కూడా ఇద్దరిలో ఎవరూ వెంటనే ఫోను పెట్టెయ్యరు.

పదిమందికి చేరే మాట రాసేవాళ్లందరూ ఒక్క సంగతి ఆలోచించాలి. మన రాతను చదివే మనిషి పక్కన, ఇదేమిటని అడగడానికి ఎవరూ ఉండకపోవచ్చు. అందంగా రాయడం తరవాత సంగతి, ముందు ఆ ఒంటరి మనిషికి అర్థమయ్యేట్టు రాయడం మన బాధ్యత.